భువనగిరి రాయి నుంచి ఎవరెస్ట్ దాకా: సాహసయాత్రలు మనోస్థైర్యాన్ని ఎలా పెంచుతాయి?

[దృశ్యం: టిబెట్ వైపు నుంచి కనిపించే ఎవరెస్ట్]

వ్యాఖ్యానం: 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడ్డారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో, వ్యవసాయ కూలి మీద బతికే ఇంట పుట్టిన పూర్ణకు అప్పటికి పధ్నాలుగేళ్లు నిండలేదు. ఆ విజయం గురించి మాట్లాడేటప్పుడు మన చూపు శిఖరం మీదే ఆగిపోతుంది. కష్టం వచ్చినప్పుడు కుంగిపోకుండా తిరిగి నిలదొక్కుకునే శక్తి ఆ పిల్లలకు ఎలా అలవడిందో తెలుసుకోవాలంటే మాత్రం శిఖరాన్ని కాసేపు పక్కనపెట్టి, అంతకుముందు జరిగిన శిక్షణను చూడాలి.

[దృశ్యం: భువనగిరి కోట ఉన్న ఏకశిల, తాడు కట్టుకుని దిగుతున్న విద్యార్థిని]

వ్యాఖ్యానం: ఆ శిక్షణ భువనగిరిలో మొదలైంది. తాడు సాయంతో రాయి మీద నుంచి దిగడం నేర్చుకునేవారికి అన్నిటికన్నా కష్టమైనది మొదటి అడుగు. లోయకు వీపు పెట్టి, రాయి అంచున నిలబడి, నడుముకు కట్టిన పట్టీ మీద శరీరం బరువంతా మోపుతూ వెనక్కి వాలాలి. భయపడిన మనిషి సహజంగానే రాయిని కరుచుకుంటాడు. అలా కరుచుకున్నప్పుడే కాళ్లు జారుతాయి. పాదాలు ఎడంగా పెట్టి, మోకాళ్లు కొద్దిగా వంచి, తాడును అదుపుచేసే చేతిని తుంటి కిందికి ఉంచి, వెనక్కి వాలినప్పుడే పట్టు దొరుకుతుంది. భయం పూర్తిగా పోయేదాకా ఆగనక్కరలేదని, భయం ఉండగానే చేయవలసిన పని చేయవచ్చని శరీరానికి తెలిసివచ్చేది ఆ క్షణంలోనే.

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో వివరించిన సిద్ధాంతం ఈ అనుభవానికి సరిగ్గా సరిపోతుంది. తన సామర్థ్యం మీద మనిషికి నమ్మకం కలగడానికి ఇతరుల ప్రోత్సాహం, తోటివారిని చూసి నేర్చుకోవడం తోడ్పడతాయని, అయితే కష్టమైన పనిని స్వయంగా చేసి నెగ్గిన అనుభవమే అన్నిటికంటే బలమైనదని ఆయన చెప్పారు.

[దృశ్యం: డార్జిలింగ్, ఆ తరువాత లద్దాఖ్ మంచు కొండలు]

వ్యాఖ్యానం: భువనగిరి తరువాత డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఆ తరువాత లద్దాఖ్ చలి. ఒక్కో మెట్టూ ముందుదానికంటే కష్టమైనదే అయినా, అంతకుముందు నేర్చిన దానికి అందేంత ఎత్తులోనే ఉంది. 2007లో స్వయంగా ఎవరెస్ట్ ఎక్కిన శేఖర్ బాబు బచినేపల్లి వారికి శిక్షకుడు. ఆ పిల్లలకు ధైర్యం పుట్టుకతో వచ్చిందనే మాటను నేను ఒప్పుకోలేను. వారి శిక్షణను అంత ఓపికగా, అంత క్రమంగా రూపొందించిన తీరుకే ఎక్కువ విలువ ఇస్తాను.

యాత్ర సాగుతున్న రోజుల్లోనే, ఏప్రిల్ 18న, నేపాల్ వైపున ఖుంబు ఐస్‌ఫాల్ అనే పగుళ్ల మంచు దారిలో మంచు చరియలు విరుచుకుపడి, ఆరోహకులకు సాయపడే 16 మంది కార్మికులు మరణించారు. వారిలో అత్యధికులు షెర్పాలు. ఇటువంటి వార్త మధ్య ముందుకు సాగడానికి ఒంటరి ధైర్యం సరిపోదు. ఒకే తాడుకు కట్టుకున్న తోటివారి మీద, దారి చూపే షెర్పాల మీద నమ్మకం ఉండాలి. సాయం అడగడం బలహీనత కాదని మనసుకు పట్టాలి.

[దృశ్యం: గుడారాల ముందు కూర్చుని మాట్లాడుకుంటున్న యువ బృందం]

వ్యాఖ్యానం: ఈ ప్రభావం ఇంటికి తిరిగి వచ్చాక నిలుస్తుందా? సాహస విద్యపై అప్పటికి వెలువడిన 96 అధ్యయనాలను జాన్ హాటీ, ఆయన సహ పరిశోధకులు కలిపి పరిశీలించి 1997లో ఫలితాలు ప్రచురించారు. యాత్ర ముగిసేసరికి కనిపించిన మార్పు ఒక మోస్తరుదే అయినా, ఆ తరువాత కూడా అది సన్నగిల్లకుండా సగటున ఇంకొంత పెరగడం వారు గమనించిన విశేషం. అయితే కార్యక్రమానికీ కార్యక్రమానికీ ఫలితాల్లో చాలా తేడా ఉంది. కొండ ఎక్కించినంత మాత్రాన మనోస్థైర్యం రాదు. శక్తికి మించిన భయంలోకి నెట్టిన పిల్లవాడు తన చేతకానితనాన్నే గుర్తుపెట్టుకుంటాడు.

కాబట్టి మీ పిల్లలను ఇటువంటి శిబిరానికి పంపే ముందు ఎంత ఎత్తు ఎక్కిస్తారని కాకుండా, ఎంతమంది పిల్లలకు ఒక శిక్షకుడు ఉంటాడో, ఒక మెట్టు వచ్చాకే తరువాతి మెట్టుకు పంపుతారో లేదో అడగండి. ఇవాళ నా వల్ల కాదని పిల్లవాడు అంటే అవమానించకుండా కిందికి దింపి, మరునాడు మళ్లీ అవకాశం ఇస్తారో లేదో కూడా తప్పకుండా అడిగి తెలుసుకోండి.