పైథాన్ కోర్సు రివ్యూ: ఎర్రర్ దాచేస్తే ఇంకేం నేర్చుకుంటాం?

అందరికీ నమస్కారం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పే ఈ ఆన్‌లైన్ కోర్సు యాక్సెస్ నాకు కోర్సువాళ్లే ఫ్రీగా ఇచ్చారు, రివ్యూకి నేను డబ్బులేమీ తీసుకోలేదు. ఫీజు ఎంత, సర్టిఫికెట్ ఇస్తారా అన్నవి వాళ్ల సైట్‌లో చూసుకోండి. పాఠాలు బాగున్నాయి, చెప్పే తెలుగు కూడా హాయిగా ఉంది. కానీ ఒక్కచోట మాత్రం ఒళ్లు మండింది.

కోడ్ రాయడానికి సైట్‌లోనే ఒక బాక్స్ ఇచ్చారు. అందులో ప్రింట్ అని రాసి, బ్రాకెట్ మూయకుండా రన్ కొట్టండి. 'తప్పు, మళ్లీ ప్రయత్నించండి' అని ఎర్రగా వస్తుంది. అంతే, అసలు ఎర్రర్ ఏంటో చూపించదు! కింద 'సమాధానం చూడండి' బటన్. నొక్కితే కోడ్ మొత్తం వచ్చేస్తుంది. ఇంక మీరు ఆలోచించేది ఎప్పుడు?

అదే కోడ్ ఫైల్‌లో పెట్టి మీ కంప్యూటర్‌లో పైథాన్ 3.13 వెర్షన్‌తో రన్ చేయండి. ఈ బ్రాకెట్ మూయలేదని, సరిగ్గా దాని కిందే గుర్తు పెట్టి చూపిస్తుంది. ఈ సదుపాయం 2021లో 3.10తో వచ్చింది. అంతకుముందు చాలాసార్లు తర్వాతి లైన్ చూపించి 'ఇన్‌వాలిడ్ సింటాక్స్' (రాసిన తీరు తప్పు) అనేది. కాలేజీలో సి భాష కోడ్ రాసే టర్బో సి నీలం స్క్రీన్‌తో కుస్తీ పట్టినప్పుడూ ఇదే గోల. సెమీకోలన్ పోయేది ఒక లైన్‌లో, ఎర్రర్ చూపించేది కింది లైన్‌లో.

2024లో వచ్చిన 3.13లో నాకు తెగ నచ్చింది ఇంకోటుంది. మీ ఫైల్‌కి రాండమ్ డాట్ పై (random.py) అని పేరు పెట్టి, అందులోనే పైథాన్‌తో వచ్చే రాండమ్ మాడ్యూల్ (రెడీమేడ్ కోడ్) ఇంపోర్ట్ చేసి వాడారనుకోండి. పైథాన్ అసలు మాడ్యూల్‌ని వదిలేసి మీ ఫైల్‌నే తెచ్చుకుంటుంది. కొత్తవాళ్లు జుట్టు పీక్కునేది ఇక్కడే. ఇప్పుడు ఎర్రర్‌లోనే చెప్పేస్తుంది, ఫైల్ పేరు మార్చి చూడమని. ఇంత చక్కటి మెసేజ్‌లని దాచేయడానికి ఈ కోర్సువాళ్లకు మనసెలా వచ్చింది?

ఎర్రర్ రాగానే ఛాట్‌బాట్‌లో పేస్ట్ చేయకండి. ముందు కింది నుంచి పైకి చదవండి. చివరి లైన్‌లో ఏం జరిగిందో, దాని పైన ఎక్కడ జరిగిందో ఉంటుంది. ఇంగ్లీషు చూసి టెన్షన్ పడొద్దు. మొదట్లో ఎదురయ్యేవి నేమ్ ఎర్రర్, టైప్ ఎర్రర్, ఇండెక్స్ ఎర్రర్ లాంటి కొన్నే.

అందుకే, పాఠాలు ఎంత బాగున్నా ఈ కోర్సు కొనమని నేను చెప్పను. ఎర్రర్ మొత్తం చూపించేలా మార్చిన రోజు మళ్లీ రివ్యూ చేస్తాను. ఈలోపు పైథాన్ డాట్ ఆర్గ్ నుంచి ఫ్రీగా ఇన్‌స్టాల్ చేసుకోండి. కావాలనే ఒక బ్రాకెట్ తీసేసి రన్ చేయండి, ఏమొచ్చిందో కామెంట్‌లో పెట్టండి.