పెరట్లో మడగాస్కర్ మొక్క

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ వారం మా పిన్నిని పట్టుకొచ్చాను. ఫార్మసీ కాలేజీలో ఏళ్ల తరబడి మొక్కల మందుల గురించే పాఠం చెప్పింది. పిన్నీ, ఆఫ్రికా మొక్కల గురించి చెబుతానని, మా పెరట్లో బిళ్ళ గన్నేరు కొమ్మ తుంచుకొచ్చావేంటి?

పిన్ని: ఆఫ్రికా మొక్క ఇదేరా! దీని పుట్టిల్లు మడగాస్కర్. మన పూలబుట్టలో ఎంత కలిసిపోయిందంటే, పరాయిదని ఎవరికీ తోచదు.

హోస్ట్: తాతయ్య షుగర్‌కి పొద్దున్నే దీని ఆకులు నమిలేవాడు.

పిన్ని: ఆ విషయంలో ఆయనతో ఎన్నిసార్లు పోట్లాడానో! జమైకాలోనూ అంతే, షుగర్‌కని ఈ ఆకుతో టీ కాచుకునేవారు. 1952లో అక్కడి నుంచి కెనడాలో క్లార్క్ నోబుల్ అనే డాక్టర్‌కి ఒక కవర్ వచ్చింది. అందులో 25 ఆకులు. పాపం, 1921లో ఇన్సులిన్ పరిశోధనకి బాంటింగ్ దగ్గర ముందు ఎవరు చేరాలని బొమ్మా బొరుసా వేస్తే, తోటి విద్యార్థి బెస్ట్ గెలిచాడు, ఓడిపోయింది ఈయనే.

హోస్ట్: అయ్యో! మరి ఈసారి?

పిన్ని: ఆకులు తమ్ముడు రాబర్ట్‌కి పంపాడు. ఆయన వెస్టర్న్ ఒంటారియో యూనివర్సిటీలో పరిశోధకుడు. ఎలుకలకి ఆ రసం తాగించారు, షుగర్ తగ్గలేదు. సూదితో ఎక్కిస్తే కొద్ది రోజుల్లోనే చచ్చిపోయాయి.

హోస్ట్: అంటే ప్రయోగం ఫెయిల్.

పిన్ని: ఇంకొకరైతే 'విషం' అని రాసి ఫైలు మూసేసేవారు. వీళ్లు ఎందుకు చచ్చాయా అని చూశారు. ఒంటినిండా ఇన్‌ఫెక్షన్. రక్తంలో ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్ల కణాలు బాగా పడిపోయాయి. మరి బ్లడ్ క్యాన్సర్‌లో అదుపు లేకుండా పెరిగేవి ఆ తెల్ల కణాలే కదా!

హోస్ట్: ఓహ్... అలా దొరికిందా!

పిన్ని: అలాగే. చార్లెస్ బీర్ అనే కెమిస్ట్ తోడయ్యాడు. 1958 కల్లా విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు బయటపడింది. అమెరికాలో ఇలై లిల్లీ కంపెనీ వాళ్లు కూడా షుగర్ మందు కోసమే ఇదే మొక్కని పరీక్షించారు. విన్‌క్రిస్టిన్ వాళ్ల దగ్గర తేలింది. పిల్లలకొచ్చే లుకేమియాకి, అంటే బ్లడ్ క్యాన్సర్‌కి, ఈరోజుకీ అది వాడతారు. కణం రెండు కావాలంటే లోపల సన్నటి దారాల్లాంటివి అల్లుకోవాలి. ఈ మందు వాటిని అల్లుకోనివ్వదు.

హోస్ట్: అయితే తాతయ్య నమిలిన ఆకులో క్యాన్సర్ మందు ఉందన్నమాట!

పిన్ని: ఉంది, కానీ ఎంత? ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్‌కి దాదాపు 500 కిలోల ఎండుటాకు కావాలి. విన్‌క్రిస్టిన్‌కైతే 2,000 కిలోలు. అందుకే 2022లో ఈస్ట్‌లో, అదే రొట్టెపిండి పొంగించే సూక్ష్మజీవిలో, మొక్క జన్యువులు పెట్టి, దాని చేతే విన్‌బ్లాస్టిన్ ముడిసరుకు తయారు చేయించారు. ఆకులో ఇలాంటి ఆల్కలాయిడ్లు, అంటే ఒంటి మీద గట్టిగా పనిచేసే మొక్క రసాయనాలు, వందకు పైగా ఉన్నాయి. ఏది ఎంత లోపలికి పోతోందో నమిలేవాడికేం తెలుసు? నేను పోట్లాడింది అందుకే.

హోస్ట్: మడగాస్కర్‌కి ఏమైనా ముట్టిందా?

పిన్ని: మందుల లాభాల్లో వాటా రాలేదు. అక్కడి దక్షిణాన రైతులు ఆకు పండించి అమ్ముకున్నారు, అంతే. అడిగే చట్టమూ అప్పట్లో లేదు. అయినా చిక్కు చూడు, మొక్క మడగాస్కర్‌ది, ఆకులొచ్చింది జమైకా నుంచి. వాటా ఎవరికివ్వాలి?

హోస్ట్: నన్నడిగితే ఇద్దరికీ. సరే, ఈ కొమ్మనేం చేయను?

పిన్ని: గ్లాసుడు నీళ్లలో పెట్టు, వేళ్లొస్తాయి.