ఆసుపత్రి పార్కింగ్‌లో ఆ గీతల జాగా ఖాళీ కాదు

"ఆసుపత్రికి వచ్చేవాళ్ళంతా రోగులే కదా, అందులో మళ్ళీ దివ్యాంగులకు వేరే పార్కింగ్ ఏంటి?" ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది. ఆ స్థలం గొప్పంతా గుమ్మానికి దగ్గరగా ఉండటమే అనుకుంటారు. దగ్గరగా ఉండాలి, నిజమే. భవనాల నిర్మాణ నియమావళి నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం ప్రవేశ ద్వారానికి 30 మీటర్ల లోపే ఉండాలి. కానీ అసలు కీలకం వెడల్పు: 3.6 మీటర్లు.

(స్క్రీన్ మీద: పై నుంచి చూసిన కారు బొమ్మ, కొలతలు)

లెక్క చూడండి. మామూలు కారు స్లాట్ రెండున్నర మీటర్లు. స్విఫ్ట్ వెడల్పు 1.735 మీటర్లు. మధ్యలో ఆపితే పక్కన 40 సెంటీమీటర్లు కూడా మిగలదు. మనం ఒళ్ళు వంచి ఎలాగో బయటపడతాం. వీల్‌చైర్ ఒక్కటే 65 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. తలుపు పూర్తిగా తెరవాలి, కుర్చీని సీటు పక్కకు తేవాలి, బ్రేకులు వేయాలి, అప్పుడు ఒంటిని దాంట్లోకి జరపాలి. దీనికోసమే ఆ 3.6 మీటర్లలో ఒక పక్కన 1.2 మీటర్ల గీతల జాగా.

కారు రైలైతే ఆ గీతల జాగా ప్లాట్‌ఫాం. ప్లాట్‌ఫాం లేకపోతే రైలు ఊరి నడిబొడ్డున ఆగినా దిగలేం. మనవాళ్ళేమో ఖాళీగా ఉంది కదా అని సరిగ్గా అక్కడే బైకులు పెడతారు! కారు స్లాట్‌ని ఎవరూ ముట్టుకోకపోయినా, ప్లాట్‌ఫాం పోతే స్లాట్ పోయినట్టే.

ఇంకో ఘోరం. వచ్చేటప్పుడు జాగా ఉంటుంది, దిగి డయాలసిస్‌కి వెళ్తారు. నాలుగు గంటల తర్వాత నీరసంగా తిరిగొస్తే ప్లాట్‌ఫాం మీద రెండు బైకులు. రైలు కళ్ళముందే ఉంటుంది, ఎక్కే దారే ఉండదు. "ఐదు నిమిషాలే కదా" అనేవాళ్ళు దీన్ని లెక్కేయరు.

"గీతలు ఎడమ పక్క ఉన్నాయి, డ్రైవర్ దిగేది కుడి పక్క కదా" అని తెలివిగా అడిగేవాళ్ళూ ఉన్నారు. రివర్స్‌లో పెడతారండీ! అప్పుడు డ్రైవర్ తలుపు గీతల వైపు వస్తుంది.

ఇక ఆసుపత్రులు చేసే పని: స్లాట్‌కి అడ్డంగా కోన్ లేదా గొలుసు. ఒంటరిగా వచ్చిన డ్రైవర్ దాన్ని తీయాలంటే ముందు కారు దిగాలి. దిగలేకే కదా ఈ స్లాట్! కోన్ పెడితే పక్కన మనిషినీ పెట్టాలి.

చూడటానికి బాగానే ఉన్నాడని ఎవరినీ నిలదీయకండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, అన్నీ పైకి కనపడవు. ఇక కాలు విరిగినవాళ్ళ సంగతంటారా, వాళ్ళని తోడున్నవాళ్ళు పోర్టికోలో దింపి, బండి వేరేచోట పెట్టుకోవచ్చు.

టైం అయిపోతోంది, చట్టం గబగబా చెప్పేస్తా. ఇదే 2016 చట్టం 25వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు ఆసుపత్రులు కూడా అడ్డంకుల్లేకుండా ఉండాలి. ఉల్లంఘనకు 89వ సెక్షన్ కింద మొదటిసారి 10,000 రూపాయల దాకా, మళ్ళీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా. బోర్డు, గీతలు, అడ్డంగా ఉన్న బండి ఒకే ఫొటోలో వచ్చేలా తీసి ఆసుపత్రి యాజమాన్యానికి రాతపూర్వకంగా ఇవ్వండి. కదలిక లేకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి పంపండి. అందులోనే ఇంకో మాట రాయండి: వీల్‌చైర్ గుర్తును స్తంభానికి కూడా పెట్టమని. నేల మీది బొమ్మ బండి కిందకి పోతే ఎవరికీ కనపడదు.