మెట్లు కూలిపోయిన కవిత

సభకు నమస్కారం.

అలిపిరి నడకదారి మీద నేనొక కవిత రాశాను. పంక్తి పంక్తికీ కాస్త కుడికి జరుపుతూ, మెట్లలాగే కనబడాలని గంటసేపు స్పేస్ బార్ కొట్టి పేర్చాను. ఆన్‌లైన్‌లో పెట్టిన పావుగంటకు ఒక మిత్రుడి ఫోన్: "అన్నా, మెట్లన్నీ కూలిపోయినాయే!" చూస్తే పంక్తులన్నీ ఎడమ గోడకు చేరగిలబడి ఉన్నాయి.

తప్పు ఎవరిదీ కాదు. వెబ్ పేజీలను తయారుచేసే హెచ్‌టీఎంఎల్ వరసగా ఎన్ని ఖాళీలు కొట్టినా మామూలుగా ఒక్కటిగానే చూపిస్తుంది. పంక్తి మొదట్లో ఉన్నవైతే అసలు కనబడవు. పోనీ, నిలిచాయే అనుకుందాం. మన అక్షరాల వెడల్పు ఒక తీరుగా ఉండదు. 'ర' పక్కన 'ఘ' పెట్టి చూడండి. ఫాంటు మారిందా, లెక్క తప్పినట్టే. చిన్న ఫోన్‌లో పొడుగు పంక్తి నేను విరవని చోట విరుగుతుంది.

పాతవాళ్ళకు ఈ టెన్షన్ లేదు. తాటాకు మీద పద్యాన్ని పాదాలుగా విడగొట్టకుండా ఏకబిగిన రాసుకుంటూ పోయేవారు. మన కొండమీది అన్నమయ్య రాగిరేకుల్లోనూ అక్షరాలు అంచు నుంచి అంచు దాకా కిక్కిరిసి ఉంటాయి. ఎక్కడ ఆగాలో ఛందస్సో తాళమో చెప్పేది. పద్యం అక్షరాలు పాము బొమ్మలోనో చక్రం బొమ్మలోనో ఇమిడేలా నాగబంధం, చక్రబంధం అల్లి కంటికి పని పెట్టినవాళ్ళూ ఉన్నారు. అయితే అక్కడ బొమ్మ తీసేసినా పద్యం పద్యమే. వచన కవితకు యతి లేదు, గణం లేదు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్పేది ఆ ఖాళీ జాగాయే. అందుకే అది పోతే నాకు ఏడుపొస్తుంది.

ప్రతి పంక్తినీ నడిమధ్యకు చేర్చేవాళ్ళను మాత్రం నేను సమర్థించను. కవిత పెళ్ళి శుభలేఖ అయిపోతుంది.

ఫొటోగా పెట్టొచ్చు కదా అంటారు. ఆకారం నిలుస్తుంది, నిజమే. కానీ చూపు లేనివాళ్ళకు ఫోన్ అక్షరాలను చదివి వినిపించినంత నమ్మకంగా బొమ్మను వినిపించలేదు. వాళ్ళను కింద వదిలేసి నేనొక్కడినే కొండెక్కడం మనసొప్పలేదు.

చివరికి ఖాళీలన్నీ తీసేసి, మాటలతోనే మెట్లు కట్టాను:

మెట్టు
మెట్టు ఎక్కి
మెట్టు ఎక్కి నిలబడితే
మెట్టు ఎక్కి నిలబడితే మోకాళ్ళే గోవిందా అన్నాయి

ఎడమ అంచు కదలదు, కుడి అంచు ఎక్కుతుంది. ఆ మిత్రుడికే పంపాను. "ఈసారి నిలబడినాయన్నా. నాలుగోది మాత్రం నా ఫోన్‌లో రెండు మెట్లయింది" అన్నాడు.

"మోకాళ్ళ పర్వతం కదా, అక్కడ అట్లాగే ఉంటుందిలే" అన్నాను.