ఏసీ గ్యాస్ పట్టించే ముందు కండెన్సర్ మీద ఒక సీసా నీళ్లు పోసి చూడండి

దృశ్యం: మే నెల మధ్యాహ్నం, కర్నూలు. ఇంటి ముందు నిలబెట్టిన కారు. ఏసీ గాలి వచ్చే కంతలో గుచ్చిన థర్మామీటర్.

నమస్తే అందరికీ. ఈ క్లిప్ పోయిన మే నెలలో తీసింది. బయట 42 డిగ్రీలు, ఇంజన్ ఆన్‌లో ఉంది, బండి కదలడం లేదు, ఏసీ ఫుల్, బ్లోయర్ ఫుల్. థర్మామీటర్ చూడండి, 22. కూలింగ్ అసలు లేదని కాదు, కానీ రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో 22 డిగ్రీల గాలి అంటే ఎవరో ఎదురుగా కూర్చుని నోటితో ఊదుతున్నట్టు ఉంటుంది. మా ఆవిడ అద్దాలన్నీ దించేసి "దీనికన్నా ఆర్టీసీ బస్సు నయం" అనేసింది.

నాది 2009 మోడల్ చిన్న పెట్రోల్ బండి. ఆ వేసవిలోనే రెండుసార్లు గ్యాస్ పట్టించాను, మార్చిలో ఒకసారి, మే మొదట్లో ఇంకోసారి, ఒకే షాపులో. రెండుసార్లూ గ్యాస్ ప్రెషర్ చూసే గేజ్ తగిలించి "గ్యాస్ తగ్గింది సార్" అన్నారు, నేను తలూపాను. తప్పు సగం వాళ్లది, సగం నాది. ఏసీ గ్యాస్ కూడా పెట్రోల్ లాగా వాడేకొద్దీ అయిపోతుందనే నేనూ అనుకునేవాణ్ని. అయిపోదు. అది ఆ గొట్టాల్లోనే తిరుగుతూ ఉంటుంది, ఎక్కడో కారితేనే తగ్గుతుంది. రబ్బరు పైపుల్లోంచి, సీళ్లలోంచి ఏళ్ల మీద కొంచెం కొంచెం పోవడం పాత బండికి మామూలే, కానీ మార్చిలో పట్టించింది మేకి ఖాళీ అయిందంటే లీకు అయినా ఉండాలి, లేదా అసలు తగ్గనే తగ్గలేదు. నా విషయంలో రెండోది.

ఇక్కడ ఒక్క ముక్క అర్థమైతే మిగతాదంతా సులువు. ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు, లోపలి వేడిని ఎత్తుకెళ్లి బయట పారబోస్తుంది. డ్యాష్‌బోర్డు వెనక కూలింగ్ కాయిల్‌లో గ్యాస్ వేడిని పట్టుకుంటుంది, కంప్రెసర్ దాన్ని నొక్కి ముందు గ్రిల్ వెనకున్న కండెన్సర్‌కి తోస్తుంది, ఆ వేడి అక్కడ గాలికి పోవాలి. పోవాలంటే కండెన్సర్ బయటి గాలి కన్నా వేడిగా ఉండాలి. బయట 28 ఉన్నప్పుడు ఈ పని ఎంతసేపు? మన దగ్గర 42 డిగ్రీల గాలికి, సిగ్నల్ దగ్గర ముందున్న లారీ వదిలే సెగతో కలిపి, ఇంకా వేడి అంటగట్టాలి. అందుకే బెంగళూరులో బాగానే ఉందనిపించిన కారు అనంతపురం దాటి గుత్తి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. బండి దారిలో చెడిపోలేదు, లోపం అక్కడ కూడా ఉంది, ఎండ లేక బయటపడలేదు.

కాబట్టి బానెట్ ఎత్తకముందే గుర్తు తెచ్చుకోండి, చల్లదనం ఎప్పుడు తగ్గుతోంది? నాకు రాజ్‌విహార్ సిగ్నల్ దగ్గర ఆగితే చెమటలు, అదే కోడుమూరు రోడ్డెక్కి అరవైలో పోతుంటే హాయిగా ఉండేది. గ్యాస్ నిజంగా బాగా తగ్గి ఉంటే రోడ్డు మీద కూడా ఇబ్బంది పడాలి కదా. నిలబడితే వేడి, పరుగెడితే చల్లన, అంటే మొదటి అనుమానం ఫ్యాన్ మీద, కండెన్సర్ మీద. బండి పరుగెడుతున్నప్పుడు ఎదురుగాలి ఆ పని చేసిపెడుతుంది, ఆగినప్పుడు ఫ్యానే దిక్కు.

దృశ్యం: కారు ముందు భాగం, గ్రిల్ దగ్గరగా.

ఇక నీళ్ల పరీక్ష. ఇంజన్ ఐడిల్‌లో పెట్టి ఏసీ ఫుల్‌లో ఒక పది నిమిషాలు వదిలేయండి, థర్మామీటర్ ఒకచోట ఆగుతుంది. ఇప్పుడు సీసా మూతకి నాలుగు చిల్లులు పెట్టి, గ్రిల్ బయటి నుంచే కండెన్సర్ మీద మెల్లగా నీళ్లు చల్లండి. చేతులు లోపల పెట్టొద్దు, ఫ్యాన్ ఎప్పుడు తిరుగుతుందో చెప్పలేం. చూడండి, 22 నుంచి 20, 17, రెండో సీసాకి 14. లోపల గ్యాస్ మారలేదు, కంప్రెసర్ మారలేదు, మారింది వేడి బయటికి పోయే దారి ఒక్కటే. ఇలా గబగబా పడిపోతే మీ డబ్బు గ్యాస్ మీద పెట్టకండి. నీళ్లు పోసినా కదలకపోతే అప్పుడు గ్యాస్ గురించి, కంప్రెసర్ గురించి మాట్లాడుకుందాం.

థర్మామీటర్ అంటే పెద్ద వస్తువేం కాదు, వంటకి వాడే పుల్ల లాంటి డిజిటల్‌ది చాలు. చేతితో చూసి "పర్లేదు, చల్లగానే ఉంది" అనుకోవడమే నన్ను రెండు నెలలు మోసం చేసింది.

నా కండెన్సర్‌లో ఏముందో ఇప్పుడు చూపిస్తా. బంపర్ విప్పాక తీసిన క్లిప్ ఇది. ఈ తెల్లగా, గుడ్డలాగా అతుక్కున్నది పత్తి. ఆదోని వైపు ఎక్కువ తిరుగుతా నేను, సీజన్‌లో పత్తి లారీల వెనకపడి పోతుంటే ఎగిరొచ్చే దూది అంతా ఈ సన్నటి రేకుల మధ్య ఇరుక్కుంది, దాని మీద ఎర్రమట్టి దుమ్ము, దాని మీద వాన నీళ్లు, వెరసి పిడక. బయటి నుంచి చూస్తే సగమే కనిపిస్తుంది, మిగతా సగం కండెన్సర్‌కీ వెనకున్న రేడియేటర్‌కీ మధ్య సందులో ఉంటుంది. వాటర్ సర్వీసింగ్‌కి వెళ్లి ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టించకండి, ఆ అల్యూమినియం రేకులు మెత్తన, పడుకుంటే గాలి దారి శాశ్వతంగా మూసుకుంటుంది. మామూలు తోట పైపుతో, కుదిరితే ఇంజన్ వైపు నుంచి బయటికి, ఓపిగ్గా.

కడిగాక 22 కాస్తా 18 అయింది. సంతోషమే, కానీ ఇంకా ఏదో ఉంది. అప్పుడు ఒక పెద్దవయసు మెకానిక్ దగ్గరికి వెళ్లాను, అందరూ భాయ్ అనే పిలుస్తారు. ఆయన గేజ్ ముట్టుకోలేదు. ఏసీ వేయమన్నాడు, కంప్రెసర్ టక్కుమని పట్టిన చప్పుడు విన్నాడు, ఒక న్యూస్‌పేపర్ ముక్క కండెన్సర్ ముందు వదిలాడు. కాగితం అతుక్కోవాలి, మాది జారి కింద పడింది. "ఫ్యాన్ తిరుగుతుంది బేటా, గాలి లాగట్లేదు" అన్నాడు. మోటార్‌లో కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి సగం స్పీడే వస్తోంది. నేను ఎన్నిసార్లు చూసినా తిరుగుతోంది కదా అని వదిలేసింది అదే! ఫ్యాన్ అసలే తిరగకపోతే ఫ్యూజు, రిలే చూస్తారు, అది సులువు. నెమ్మదిగా తిరిగే ఫ్యానే దొంగ.

గ్యాస్ సంగతి కూడా ఆయనే తేల్చాడు. మెషీన్‌తో మొత్తం బయటికి లాగి తూకం వేస్తే 520 గ్రాములు. బానెట్ కింద స్టిక్కర్‌లో రాసింది 380. అంటే తగ్గిందన్న గ్యాస్ 140 గ్రాములు ఎక్కువుంది, ఎక్కువైతే కండెన్సర్‌లో చల్లబడి ద్రవంగా మారిన గ్యాసే నిండిపోయి ప్రెషర్ పెరిగి, కూలింగ్ ఇంకా పడిపోతుంది, కంప్రెసర్‌కీ బరువే.

మరి గేజ్ పెట్టి చూశారు కదా అంటారేమో. ఇంట్లో వంట సిలిండర్ తలుచుకోండి. మంట చూసి లోపల ఎంతుందో చెప్పగలమా? చివరి రోజు దాకా మంట ఒకేలా ఉంటుంది, అందుకే ఎత్తి చూస్తాం. ఇదీ అంతే. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 40 డిగ్రీల వేడిలో ఆర్-134ఎ (నా బండి లాంటి కార్ల ఏసీల్లో వాడే గ్యాస్) ఉన్న సిస్టంలో గేజ్ సుమారు 130 పీఎస్ఐ ప్రెషర్ చూపిస్తుంది, లోపల ద్రవం కాస్త మిగిలి ఉన్నంతకాలం సగమున్నా నిండా ఉన్నా అదే అంకె. నడుస్తున్నప్పుడు రెండు వైపులా ప్రెషర్ చూస్తే కొంత తెలుస్తుంది, కానీ ఫ్యాన్ బలహీనంగా ఉంటే ఆ అంకెలూ తప్పుదారి పట్టిస్తాయి. గ్యాస్‌కి తూకమే కొలత.

నిజంగానే లీకు ఉంటే ఆనవాలు ఉంటుంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి, కారిన చోట జిడ్డు, దాని మీద దుమ్ము పట్టి నల్లగా ఉంటుంది. పైపు జాయింట్లు, కంప్రెసర్ ముందు సీలు, కండెన్సర్ కింది మూలలు చూడండి. షాపులో నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగ పెడితే బుడగలొస్తాయి. జాయింట్లో ఉండే రబ్బరు రింగు (ఓ-రింగ్) అయితే చిన్న ఖర్చు, కూలింగ్ కాయిల్ అయితే డ్యాష్‌బోర్డు విప్పాలి, దానికి సిద్ధపడండి. సిస్టం విప్పాక కనీసం అరగంట వ్యాక్యూమ్ పెట్టి లోపలి గాలి, తేమ లాగేయకుండా గ్యాస్ ఎక్కించనివ్వకండి, లోపల తేమ ఉండిపోతే కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్ వెళ్లే సన్నటి దారి, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర మంచుగా గడ్డకడుతుంది. చౌకగా వస్తుందని వంట గ్యాస్ కలిపేవాళ్లు కూడా ఉన్నారు. కాయిల్ మీ మోకాళ్ల ముందే ఉంటుంది, అది లీకైతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇంకో రెండు లక్షణాలు గబగబా. మొదటి అరగంట బాగుండి తర్వాత గాలే సన్నబడిపోతోందా? కాయిల్ మీద మంచు పట్టింది. ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం పది నిమిషాలు వదిలితే గాలి తిరిగొస్తుంది, అప్పుడు క్యాబిన్ ఫిల్టర్, కాయిల్ మరీ చల్లబడితే కంప్రెసర్‌ని ఆపే ఏసీ థర్మోస్టాట్ చూడాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చల్లగా వచ్చి, వేడెక్కేకొద్దీ పాడైతే హీటర్ నాబ్ కేబుల్ జారి వేడి నీళ్లు లోపల తిరుగుతున్నాయేమో చూడండి, ఇది పాత బండ్లలో చాలామంది మర్చిపోయేది. బండి కింద నీళ్లు కారట్లేదని కొందరు కంగారు పడతారు, విజయవాడలో కారినంత మన పొడి ఎండలో కారవు, అది జబ్బు కాదు.

ఫ్యాన్ మోటార్ మార్చి, 380 గ్రాములు తూచి పోయించాక ఇదీ రీడింగ్. మళ్లీ 42 డిగ్రీల ఎండే, బండి నిలబడే ఉంది, 12.

షాపులో పని అయ్యాక "ట్రయల్‌కి ఒక రౌండ్ పోదాం సార్" అంటారు, రోడ్డు మీద ఎదురుగాలికి ఎలాగూ చల్లబడుతుంది. పోవద్దు. అక్కడే షాపు ముందు, ఎండలో, ఇంజన్ ఐడిల్‌లో పదిహేను నిమిషాలు నిలబెట్టి థర్మామీటర్ చూసి, ఆ తర్వాత డబ్బులివ్వండి.