నడుము దాకా గడ్డం, దండచేతికి కొల్లూరు వజ్రం

శ్రోతలకు నమస్కారం. మగవాడి అందం అంటే ఇవాళ మనకు ముందు గుర్తొచ్చేది కండలు. 1797 నుంచి 1834 దాకా ఇరాన్‌ను ఏలిన ఫత్ అలీ షా చిత్రాల్లో మాత్రం కండ అన్నదే కనబడదు. పిడికిట్లో ఇమిడే నడుము, ఆ నడుము దాకా దిగిన నల్లటి గడ్డం, ఒకదానితో ఒకటి కలిసిపోయిన కనుబొమ్మలు, కాటుక దిద్దినట్టున్న పెద్ద కళ్లు, గోరింటతో ఎర్రబడ్డ వేళ్లు. ఆస్థాన చిత్రకారుడు మెహ్ర్ అలీ వీటిని నిలువెత్తు తైలవర్ణ చిత్రాలుగా గీశాడు. అప్పటి ఆడవాళ్ల బొమ్మలు పక్కన పెట్టి చూడండి, అవే కళ్లు, అవే కనుబొమ్మలు. అందానికి కొలత ఇద్దరికీ ఒకటే, గడ్డం దగ్గరే తేడా. నాకు బాగా నచ్చేది ఇదే.

నిజానికి ఆ గడ్డం కూడా అక్కడ ఎప్పుడూ ఉన్నది కాదు. అంతకుముందు ఇరాన్‌ను ఏలిన సఫావీ రాజవంశం కాలంలో రెజా అబ్బాసీ అనే చిత్రకారుడు గీసినవాళ్లలో చాలామంది మూతి మీద మీసం కూడా రాని నాజూకు కుర్రాళ్లు. ఆ వంశపు రాజు షా అబ్బాస్‌కైతే గడ్డం లేదు, పొడవాటి మీసాలే. ఫత్ అలీ షా చూపు ఇంకా వెనక్కి, ప్రాచీన ఇరాన్ రాజధాని పర్సెపోలిస్ రాళ్ల మీది గడ్డాల రాజుల దాకా పోయింది. పాత రాజుల్లాగే టెహ్రాన్ దగ్గర రే పట్నంలో కొండరాతి మీద తన బొమ్మ చెక్కించుకున్నాడు కూడా. రష్యాతో యుద్ధాలు ఓడి 1813లో ఒకసారి, 1828లో ఇంకోసారి భూములు వదులుకున్నా, బొమ్మల్లో ఆ గడ్డం నెరవలేదు, నడుము సన్నగానే ఉంది. ఈ చిత్రాలు నెపోలియన్ లాంటి పరాయి పాలకులకు కానుకలుగా వెళ్లేవి, అంటే రాజు అందమే రాజ్యం పరువన్నమాట.

ఇక ఆ చిత్రాల్లో షా చేతులకున్న దండకడియాలు చూడండి. వాటిలో ఒకదాంట్లో పొదిగింది దరియా ఇ నూర్, లేత గులాబీ వజ్రం. మన కృష్ణా ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెబుతారు. 1739లో నాదిర్ షా ఢిల్లీని దోచినప్పుడు ఇరాన్ చేరింది. ఫత్ అలీ షా దాని అంచు మీద తన పేరు కూడా చెక్కించాడు. అది ఇప్పటికీ టెహ్రాన్‌లోనే ఉంది.