నోరు లేని పిల్లల కోర్సు ఎవరు ఎంచుకుంటున్నారు?

(ఒక జూనియర్ కాలేజీలో ఇంటర్ రెండో ఏడాది విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో రిటైర్డ్ బోటనీ లెక్చరర్ చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఇవాళ పని మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. పిల్లలకు ఆశీస్సులు. నా గురించి పరిచయంలో చెప్పినవాటిలో సగం నాకే కొత్త. ఎండ మండిపోతోంది కాబట్టి శాలువా తీసి పక్కన పెడుతున్నాను, ఏమీ అనుకోకండి.

నాకిచ్చిన అంశం 'ఇంటర్ తర్వాత ఏ కోర్సు'. దాని గురించి మీ కాలేజీ గేటు దగ్గర ఫ్లెక్సీలే చాలా చెబుతున్నాయి. నేను ఈ హాల్లో కొద్దిమంది మొహమాటస్తుల కోసమే వచ్చాను. అటెండెన్స్ పిలుస్తుంటే తమ పేరు ఇంకా రాకముందే గొంతు సవరించుకునేవాళ్ళు, డౌటు ఉన్నా అడక్కుండా ఇంటికెళ్ళి పుస్తకంలో వెతుక్కునేవాళ్ళు, బస్సులో స్టాప్ వచ్చినా 'ఆపండి' అనలేక తర్వాతి స్టాప్‌లో దిగి నడిచొచ్చేవాళ్ళు. నవ్వుతున్నారు కదా, నవ్వినవాళ్ళలో కొందరు అలా నడిచినవాళ్ళే. కిటికీ పక్కనున్న అబ్బాయీ, తల దించుకోకు నాయనా, నేను నీ పేరు అడగను.

ఈ పిల్లలకు మన ఇళ్ళలో కోర్సు ఎలా ఖాయమవుతుందో మీకు తెలియంది కాదు. ర్యాంకు వస్తుంది. మేనమామ వస్తాడు. బెంగళూరులో ఉన్న పెదనాన్నగారి అబ్బాయి ఫోన్ స్పీకర్లో ఉంటాడు. "వాడికి నోరు లేదు బాబాయ్, సీఎస్ఈ పెట్టించండి, కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలు, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు" అంటాడు. ఆడపిల్ల లా చదువుతానందనుకోండి, "ఇంటికొచ్చినవాళ్ళకి మంచినీళ్ళివ్వడానికే బయటికి రాదు, కోర్టులో ఏం వాదిస్తుంది" అని మేనత్త తేల్చేస్తుంది. తర్వాత అందరూ కలిసి నెట్ సెంటర్‌కి. ఆప్షన్లు పెట్టేది నెట్ సెంటర్ కుర్రాడు. ఓటీపీ వచ్చేది నాన్న ఫోన్‌కి. కాలేజీల పేర్లు పైకి చదివేది మామయ్య. చదవాల్సినవాడు మాత్రం వెనక ప్లాస్టిక్ కుర్చీలో ఉంటాడు. "ఏరా, ఓకేనా?" అని ఒకసారి అడుగుతారు. వాడు తలూపుతాడు. మౌనం అర్ధాంగీకారం అన్న మాట పెళ్ళిచూపుల్లో ఎంత చేటు చేసిందో గానీ, కౌన్సెలింగ్‌లో అంతకంటే ఎక్కువే చేసింది.

మొహమాటస్తుడు ఏ కోర్సు ఎంచుకోవాలి అని నన్ను అడుగుతుంటారు. ముందు వాణ్ణి ఎంచుకోనివ్వండి అంటాను. ఇంట్లో ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ కోర్సు ఈ పిల్లలు చదువుతున్నారు. నాకున్న బాధల్లా అదే.

'మాట్లాడక్కర్లేదు' అన్నది కూడా నిజం కాదు. మా పక్కింటి అబ్బాయిని ఆ మాట చెప్పే చేర్పించారు. క్యాంపస్ సెలక్షన్లకు వచ్చేసరికి గ్రూప్ డిస్కషన్ అన్నారు, ఆ తర్వాత హెచ్ఆర్ రౌండ్ అన్నారు. ఉద్యోగం వచ్చాక రోజూ పొద్దున్నే టీమ్ మొత్తం ముందు నిన్నేం చేశాను, ఇవాళేం చేస్తాను అని చెప్పాలి. రాత్రి క్లయింట్ కాల్. వాళ్ళ నాన్న నాతో అంటాడు, "మేడమ్, మావాడు కంప్యూటర్‌తో కంటే మనుషులతోనే ఎక్కువ మాట్లాడుతున్నాడు" అని. అదృష్టం బాగుండి వాడికి ప్రోగ్రామింగ్ ఇష్టం. ఇష్టం లేకపోతే రెండు శిక్షలు ఒకేసారి పడేవి.

అలాగే 'నోరున్నవాళ్ళ కోర్సులు' అని మనం పక్కన పెట్టేవాటి లోపలికి వెళ్ళి చూడండి. డాక్టరు ఎదుట ఒక్క రోగి ఉంటాడు. ఎప్పటి నుంచి జ్వరం, ఆకలి ఎలా ఉంది అని అడిగి, ఓపికగా వినాలి. వినడం మొహమాటస్తులకు ఎవరూ నేర్పక్కర్లేదు. ప్రొఫెసర్ ముందు కేసు చెప్పేటప్పుడు చెమటలు పడతాయి, నిజమే, అందరికీ పడతాయి. లా కోర్సులో మూట్ కోర్టు, అంటే ఉత్తుత్తి కోర్టులో వాదించడం, తప్పదు, కానీ దస్తావేజులు రాయడం, పన్నుల వ్యవహారాలు చూడడం లాంటి పనులతోనే జీవితమంతా గడిపిన లాయర్లు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. బీఈడీలో ఇంటర్న్‌షిప్ అంటే బళ్ళో పిల్లల ముందు నిలబడాల్సిందే. పెద్దవాళ్ళ ముందు నోరు పెగలనివాళ్ళు ఆరో తరగతి ముందు గడగడా మాట్లాడడం నేను చూశాను. నలుగురిలో మాట్లాడడం ఒకటి, ఒకరితో మాట్లాడడం ఇంకొకటి. మీకు ఏది కష్టమో మీకే తెలుసు. కోర్సులో చేరేముందు సీనియర్‌ని అడగండి, వైవాలు (నోటితో జవాబు చెప్పే పరీక్షలు) ఎన్ని, సెమినార్లు ఎన్ని, ప్రాజెక్టు ఒంటరిగానా బ్యాచ్‌గానా అని. నోటితో అడగలేకపోతే వాట్సాప్‌లో అడగండి.

వైవా అంటే గుర్తొచ్చింది. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

నా దగ్గర బీజెడ్‌సీ, అంటే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ చదివిన ఒకమ్మాయి. క్లాసులో ఆ పిల్ల గొంతెలా ఉంటుందో చాలాకాలం నాకు తెలియదు. ఒకసారి ఫీల్డ్ ట్రిప్‌కి మారేడుమిల్లి వెళుతూ రంపచోడవరం దగ్గర టీకి ఆగాం. రోడ్డు పక్కన ఒక మొక్క చూపించి కుర్రాళ్ళు వాదించుకుంటున్నారు, ఒకడు పత్తి అంటాడు, ఒకడు బెండ అంటాడు. వెనక నుంచి వినబడింది, "అది ముద్రబెండ" అని. అందరూ తిరిగి చూశారు. నేను మాత్రం కావాలనే చూడలేదు, చూస్తే ఆగిపోతుందని భయం. ఆ పిల్ల ముందుకొచ్చి ఎండిన కాయ తెంపింది. గదులన్నీ గుండ్రంగా ఎలా పేర్చి ఉన్నాయో చూపించింది. చిన్నప్పుడు దాన్ని సిరాలో ముంచి కాగితం మీద ముద్రలేసేవాళ్ళమంది. పువ్వు పసుపు రంగులో ఉంటుంది, పొద్దున వెతికితే కనపడదు, సాయంత్రం విచ్చుకుంటుంది అంది. మందారం, పత్తి, ఇదీ ఒకే కుటుంబం, కేసరాల కాడలన్నీ కలిసి కీలం చుట్టూ గొట్టంలా ఉంటాయి చూడండి అంది. టీ చల్లారిపోయింది. ఎవరూ తాగలేదు.

అదే అమ్మాయి ప్రాక్టికల్ పరీక్ష. స్పాటర్లు, అంటే బల్ల మీద పెట్టిన నమూనాలు చూసి గుర్తుపట్టి రాసేవి, గంట కొట్టేలోపు చకచకా రాసేసింది. ఆ తర్వాత వైవా. ఎక్స్‌టర్నల్‌గా వచ్చినాయన మందారప్పువ్వు ఆమె ముందుకి తోసి, "ఊఁ, చెప్పు. ఏంటి, నోట్లో తాళం పడిందా?" అన్నాడు. పక్కన అటెండరు నవ్వాడు. ఇంకేముంది, ఆ పిల్ల నోరు తెరవలేదు. "సార్, ఒక్కసారి హెర్బేరియం షీట్లు చూడండి" అన్నాను నేను. ఎండబెట్టిన మొక్కలు అంటించిన ఆ షీట్లు ఎలాంటివనుకున్నారు! బూజు పట్టకుండా రోజూ పేపర్లు మార్చి ఆరబెట్టినవి, ఆకు అడుగు వైపు కూడా కనిపించేలా ఒక ఆకు తిరగేసి అంటించినవి, ప్రతి షీటుకీ కుడివైపు కింద లేబుల్, అందులో ఊళ్ళో పిలిచే పేరు, శాస్త్రీయ నామం, సేకరించిన చోటు, తేదీ. ఆయన వాటిని నోట్ల కట్టలా బొటనవేలితో గలగలలాడించి పక్కన పడేశాడు. వైవాలో సగం మార్కులు కూడా వేయలేదు. ఆయన పేరు చెప్పను. కానీ రోడ్డు పక్కన ఆ పిల్ల చెప్పిన పాఠం ఆయన ఏ క్లాసులోనూ చెప్పి ఉండడని మాత్రం ఈ మైకులో చెబుతాను.

ఆమె ఇప్పుడు విత్తన పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తోంది. పెళ్ళిళ్ళలో ఇప్పటికీ గోడ పక్కనే నిలబడుతుంది. నిలబడనివ్వండి, ఎవరికేం నష్టం?

ప్రిన్సిపాల్ గారు వాచీ చూస్తున్నారు. ఒక్క ముక్క చెప్పి వచ్చేస్తానండి. గాంధీగారు మహా సిగ్గరి. భావనగర్ కాలేజీలో ఒక టర్మ్ చదివి మానేశాక, కుటుంబానికి కావలసిన పెద్దాయన ఒకరు బారిస్టరు చదువుకి లండన్ పంపమన్నాడు. వైద్యం చదవకూడదా అని కుర్రవాడు అడిగాడు. శవాలు కోయడం మన ఇంటావంటా లేదని అన్నగారు ఒప్పుకోలేదు. 1888లో ఓడెక్కించారు, 1891లో బారిస్టరై వచ్చాడు. బొంబాయిలో మొదటి కేసు, ఫీజు 30 రూపాయలు. సాక్షిని ప్రశ్నించాలని లేచాడు, కళ్ళు తిరిగాయి, ఒక్క ప్రశ్నా రాలేదు. కూర్చుని, వేరే వకీలును పెట్టుకోమన్నాడు. అదే మనిషి 1893లో దక్షిణాఫ్రికా వెళ్ళి, ఒక వర్తకుడి కేసు కోసం జమాఖర్చుల లెక్కలు కూర్చుని నేర్చుకున్నాడు. ఆ దేశంలోనే, ప్రిటోరియాలో, మనవాళ్ళను కూడగట్టి మొదటిసారి సభలో మాట్లాడాడు. వ్యాపారంలో నిజాయితీ గురించి, అక్కడి మనవాళ్ళ కష్టాల గురించి. బొంబాయి కోర్టులో పెగలని గొంతే అది. ఈసారి విషయం తనది.

మీ గొంతు ఏ విషయం దగ్గర లేస్తుందో వెతుక్కోండి. తమ్ముడికి ఏ సబ్జెక్టు చెబుతుంటే టైము తెలియడం లేదు? ఎవరైనా ఏది తప్పుగా చెబితే లోపల ఊరుకోలేకపోతున్నారు? ఈఏపీసెట్ (పాత ఎంసెట్) పుస్తకాల మధ్య ఈ సంగతి ఆలోచించే తీరిక లేదని తెలుసు. కానీ మన ఆంధ్రలో 2023-24లో డిగ్రీలో సింగిల్ మేజర్, అంటే ఒక్క సబ్జెక్టే ప్రధానంగా చదివే పద్ధతి, తెచ్చారు. మా రోజుల్లో మూడు సబ్జెక్టులూ సమానంగా చదివి, చివర్లో ఏది నాది అని తేల్చుకునేవాళ్ళం. ఆ పద్ధతిలో చేరేటప్పుడే తేల్చాలి. గట్టిగా మాట్లాడేవాడు అప్పటికప్పుడు 'నాకిది వద్దు' అనేస్తాడు. మీరు అనరు. అందుకే మీరు ముందుగానే కాగితం మీద రాయండి. ఏ కోర్సు కావాలో, ఎందుకో ఒక పేజీ రాసి నాన్నగారి చొక్కా జేబులో పెట్టండి. ఆయన ఎదుట నిలబడక్కర్లేదు.

తల్లులూ తండ్రులూ, ఆ కాగితం దొరికితే మామయ్యకి స్పీకర్లో చదివి వినిపించకండి. ఆప్షన్లు మార్చుకోవడానికి గడువు ఉంటుంది కదా. ఆఖరి రోజుకి ముందు ఒక సాయంత్రం పిల్లవాణ్ణి ఒక్కణ్ణే పక్కన కూర్చోబెట్టుకుని మౌసు వాడి చేతికివ్వండి. మీరు మాట్లాడకండి. వాడు ఎంతసేపు ఊరుకుంటే అంతసేపు మీరూ ఊరుకోండి. కష్టమే, నాకు తెలుసు.

ఇప్పుడు ప్రశ్నలు అడగమని మైకు తిప్పబోతున్నారట. తిప్పొద్దండీ, దయచేసి. నేను నాలుగింటి దాకా స్టాఫ్ రూమ్‌లో ఉంటాను. గుమ్మం దగ్గర అట్టపెట్టె పెట్టించాను, చీటీ రాసి అందులో వేయండి. పేరు రాయక్కర్లేదు, గ్రూపు రాస్తే చాలు. జవాబులు రాసి మీ నోటీసు బోర్డుకి అంటించమని ఆఫీసులో ఇచ్చి వెళతాను.